గోదాములో మా అమ్మాయి గొంతు

మా అమ్మాయి డెత్ మెటల్ పాడుతుందని మా ఇంట్లో అందరికంటే ముందు పసిగట్టింది మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దామె. నేను ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ఆమె మా గడపలో నిలబడి ఉంది. చేతిలో వాము నీళ్ల గ్లాసు.

"ఏమమ్మా, పాపకు బాగలేదా? బాత్‌రూములో ఒకటే కక్కుతాంది. పిలిస్తే పలకదు," అంది కంగారుగా.

నేను స్టాఫ్ నర్సును. వాంతి శబ్దం ఏదో, కానిదేదో గోడ అవతలి నుంచి కూడా చెప్పగలను. తలుపుకు చెవి ఆనించి విన్నాను. అది వాంతి కాదు. గరుకు నేల మీద ఇనుప బీరువాను ఈడ్చినట్టుంది. కానీ ఆ ఈడ్పులో ఒక లెక్క ఉంది. ఆగుతోంది, గాలి పీల్చుకుంటోంది, మళ్లీ మొదలవుతోంది. తలుపు తట్టాను. అమ్మాయి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ప్రాక్టీస్ చేస్తాండా మా," అంది, ఏమీ జరగనట్టు.

ఖాలా గ్లాసు దాని చేతిలో పెట్టి, "ఏదైనా గానీ, తాగు బేటా," అంది. మా అమ్మాయి బుద్ధిగా తాగింది.

అప్పుడది డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. చిన్నప్పటి నుంచి చర్చి క్వైర్‌లో పాడేది. సన్నటి గొంతు. మామూలుగా మాట్లాడితే పక్కనున్న మనిషికి కూడా రెండోసారి చెప్పాల్సి వచ్చేది. ఆ గొంతులోంచి ఈ శబ్దం ఎట్లా వస్తోందో నాకు అర్థం కాలేదు. పాటలు వినిపించింది. ఫోనులో మొదటి పాట పూర్తయ్యేలోపే నాకు తల దిమ్మెక్కింది. చావు గురించి, కుళ్లు గురించి, భూమి అడుగు చీకటి గురించి పాడతారట. ఆ పాడే పద్ధతిని గ్రౌల్ అంటారట. నలుగురు కలిసి బ్యాండ్ పెట్టుకున్నారట. డ్రమ్స్ వాయించే అబ్బాయిది పత్తికొండ, వాళ్లకు టమోటా మార్కెట్లో మండీ ఉంది. గిటార్, బేస్ వాయించేది కడప అన్నదమ్ములు.

నాకు పాటల గురించి బెంగ లేదు, గొంతు గురించే బెంగ. మరుసటి వారం మా ఆసుపత్రిలో గొంతు డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాను. ఆమె సన్నటి గొట్టం లోపలికి పంపి, తెర మీద చూస్తూ, "ఏదీ, ఆ శబ్దం చెయ్యమ్మా," అంది. అమ్మాయి చేసింది. బయట వరుసలో కూర్చున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. డాక్టరమ్మ మాత్రం తెర మీదనుంచి చూపు తిప్పలేదు. ఇంకోసారి చెయ్యమంది. మరోసారి చెయ్యమంది.

"సిస్టర్, ఇటు చూడండి," అని నన్ను పిలిచింది. "మనం మాట్లాడే తంతువులు ఇవి. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. వీటి పైన ఇంకో జత మడతలు ఉంటాయి. మీ పాప వాటిని ఆడిస్తోంది. ఎవరు నేర్పించారమ్మా నీకు?"

"ఎవరూ లేదు మేడమ్. విని, చేసి చూసి నేర్చుకున్యా."

"గట్టిగా అరుస్తున్నట్టు ఉంటుంది గానీ, నిజానికి ఇది పెద్ద శబ్దం కాదు. మైకు దీన్ని పెద్దది చేస్తుంది. అరవనంత వరకు గొంతుకు ఏమీ కాదు," అంది డాక్టరమ్మ. వచ్చేటప్పుడు నాతో, "నా సర్వీసులో ఇట్లాంటి గొంతు చూడటం ఇదే మొదటిసారి," అని కూడా అంది. ఆ మాట ఆ రోజంతా నాలో తిరుగుతూనే ఉంది. ఇంటికొచ్చి అన్నం వార్చుతూ కూడా నవ్వుకున్నాను.

మా ఆయన ఆర్టీసీ డ్రైవరు, కర్నూలు కడప సర్వీసు. ఆయనకు చెప్పడమే కష్టమైంది. ఆయనకు పాటంటే తబలా, హార్మోనియం ఉండాలి, మాట అర్థం కావాలి. మెల్లగా చెప్పాను. అంతా విని, "కడప అన్నదమ్ములంటే, పొడుగాటి నల్ల సంచులు ఏసుకొని తిరిగే పిల్లోళ్లేనా? ఆదివారమాదివారం నా బండిలోనే వస్తార్మే," అన్నాడు. వాళ్ల సంచులు బస్సు పైన వెయ్యనివ్వకుండా తన సీటు వెనకాల పెట్టించుకునేవాడట, పగులుతాయని. తను మోసుకొచ్చిన గిటార్లు కూతురి బ్యాండువని తెలిశాక ఆయన అడిగింది ఒక్కటే. "యాడ వాయిస్తారంట?" అన్నాడు.

వాయించడానికి చోటు దొరకడమే పెద్ద పని అయింది. కర్నూల్లో ఫంక్షన్ హాళ్లన్నీ తిరిగారు పిల్లలు. పెళ్లి బ్యాండ్ అనుకుని అందరూ సరేనన్నారు, ఫోనులో పాట వినిపించగానే అందరూ వద్దన్నారు. ఆఖరికి నందికొట్కూరు రోడ్డులో ఖాళీగా ఉన్న పత్తి గోదాము దొరికింది. రేకుల షెడ్డు. హైదరాబాదు, బళ్లారి, బెంగళూరు నుంచి కూడా బ్యాండ్లు వస్తున్నాయన్నారు. మొత్తం ఐదు. మావాళ్లది మూడోది. చీకటి పడేలోపు ముగించాలని పోలీసులు చెప్పడంతో మధ్యాహ్నం భోజనాల వేళకే మొదలన్నారు.

పోస్టరు ఇంటికి తెచ్చింది. నల్ల కాగితం మీద బ్యాండ్ల పేర్లు తెల్లగా, కొమ్మలు కొమ్మలుగా అల్లుకుపోయి ఉన్నాయి. మా ఆయన అద్దాలు పెట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏం రాసినారే దీంట్లో? కంపచెట్టు మాదిరి ఉండాది."

"అట్లే రాయాల నాయనా. చదవొస్తే అది డెత్ మెటల్ కాదు," అంది అమ్మాయి.

ఆ ఆదివారం మా ఆయన సెలవు పెట్టి, పెళ్లికి పోయినట్టు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. గోదాము ముందర దిగేసరికి వందలమంది పిల్లలు, అందరూ నల్ల టీషర్టులు. ఎండ మండిపోతోంది. ఆ నలుపులో ఈయన ఒక్కడే తెల్లగా కనిపించాడు. పిల్లలు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఎవరో రెండు కుర్చీలు తెచ్చి గోడ పక్కన వేశారు. అమ్మాయి మా ఇద్దరికీ చెవుల్లో పెట్టుకోవడానికి మెత్తటి బిరడాల్లాంటివి ఇచ్చి, స్టేజి వెనక్కి పోయింది.

హైదరాబాదు బ్యాండ్ మొదలుపెట్టింది. ఆ శబ్దం చెవులతో వినేది కాదు, ఎదురు రొమ్ముకు తగిలింది. పైన రేకులు అదిరాయి. ఎన్నేళ్ల నాటిదో, దూలాల మీద పేరుకున్న పత్తి నూగు ఆ అదురుకు ఊడి మెల్లగా రాలడం మొదలైంది. నల్ల టీషర్టుల మీద, జుట్టు మీద తెల్లగా పడుతోంది. మధ్యలో పిల్లలు గుండ్రంగా పరిగెడుతూ ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. కొట్లాట అనుకుని నేను లేచాను. అంతలో ఒకడు కింద పడ్డాడు. నేను రెండడుగులు వేసేలోపే చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోయి, చేతులు అడ్డం పెట్టి, అతన్ని లేపి నిలబెట్టారు. ఊడిన చెప్పు వెతికి ఇచ్చారు. మళ్లీ పరుగు. ఇంకొకతనికి మోచేయి తగిలి కనుబొమ్మ చిట్లింది. అతన్ని నా కుర్చీలో కూర్చోబెట్టి, సంచిలోంచి దూది తీసి గట్టిగా అదిమిపట్టాను. "ఇంక లోపలికి పోవద్దు," అన్నాను. "సరే ఆంటీ," అని, రక్తం ఆగగానే పోయాడు. ఆ తర్వాత ఎవరికి ఏం తగిలినా నా దగ్గరికే పంపించారు. చీలమండ బెణికినవాడు, ఎండకు కళ్లు తిరిగిన ఆడపిల్ల. నాకు పండగలా ఉంది, డ్యూటీలా కూడా ఉంది.

బళ్లారి వాళ్ల తర్వాత మావాళ్లు ఎక్కారు. మా అమ్మాయి మైకు ముందు నిలబడితే అంత స్టేజి మీద చిన్నగా కనిపించింది. వెనకనుంచి ఎవడో, "పాపా, క్లాసికల్ సాంగా?" అన్నాడు. నవ్వారు కొందరు. అది తల దించుకుని ఒక్కసారి గాలి పీల్చింది.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. అంత లోతు నుంచి వచ్చింది గొంతు. కనుబొమ్మకు దూది అంటించుకున్న అబ్బాయి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అట్లాగే నిలబడిపోవడం చూశాను. మాటలు నాకు ఒక్కటీ అర్థం కాలేదు, కానీ నా చేతుల మీద రోమాలు లేచాయి.

రెండో పాట సగంలో ఉండగా కరెంటు పోయింది.

గిటార్లు మాయమయ్యాయి. మైకు చచ్చిపోయింది. డ్రమ్స్ ఒక్కటే మిగిలింది. ఆగిపోతారనుకున్నాను. అమ్మాయి ఆగలేదు. మైకు కిందికి దించి, స్టేజి అంచుకు వచ్చి, అదే గొంతుతో పాడుతూనే ఉంది. డాక్టరమ్మ చెప్పినట్టే, మైకు లేకపోతే అది పెద్ద శబ్దం కాదు. ముందున్న వాళ్లకే వినిపిస్తోంది. వాళ్లు వెనక్కి తిరిగి "ష్" అన్నారు. ఆ మాట వెనక్కి వెనక్కి పాకింది. గోదామంతా మౌనంగా ముందుకు జరిగింది, మేమూ జరిగాం. పత్తికొండ అబ్బాయి డ్రమ్ముల మీద కొట్టడం తగ్గించి, కాలి కింది పెద్ద డ్రమ్ము ఒక్కటే దబ్, దబ్‌మని వాయించాడు. అప్పుడు మొదటిసారి మాటలు తెలిశాయి.

"రాయి వచ్చింది. ఇంకో రాడ్డు దించు.
బూడిద వచ్చింది. ఇంకో రాడ్డు దించు.
మొగం మీద దుమ్ము. ఇంకో రాడ్డు దించు."

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మే, అది మా నాయన మాటమే," అన్నాడు.

మా ఆయనది కోడుమూరు పక్కన పల్లె. మా మామ పొలంలో ఒకదాని తర్వాత ఒకటి బోర్లు వేయించాడు. ఒక్కదాంట్లోనూ నీళ్లు పడలేదు. రిగ్గు మిషను ముందర నిలబడి, నీళ్లు రాకపోయినా, "ఇంకో రాడ్డు దించప్పా" అంటూనే ఉండేవాడట, ఎగిరొచ్చే తెల్లటి దుమ్ము నెత్తిన పడుతున్నా. పెళ్లికి ముందటి సంగతి. అన్నాలు తినేటప్పుడు మా ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. అమ్మాయి ముద్ద కలుపుకుంటూ వినేది. విని మర్చిపోయిందనుకున్నాం.

మూడోసారికి పిల్లలు అందుకున్నారు. అది "బూడిద వచ్చింది" అంటే, గోదామంతా "ఇంకో రాడ్డు దించు" అంది. కడప, కర్నూలు పిల్లలు కదా, ఆ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ప్రతివాళ్ల ఇంట్లోనూ ఒక ఎండిన బోరు ఉంటుంది. మా ఆయన కూడా అన్నాడు. తెల్ల చొక్కా మనిషి, పాటంటే తబలా ఉండాలనే మనిషి, గొంతు చించుకుని అన్నాడు.

అప్పుడే కరెంటు వచ్చింది. కడప అన్నదమ్ములు శబ్దం లేకపోయినా ఇంతసేపూ తీగల మీద వేళ్లు ఆపలేదు. కరెంటు రాగానే గిటార్లు సరిగ్గా ఉండాల్సిన చోటే ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. ఆ దెబ్బకు రేకులు లేచిపోతాయనుకున్నాను. నూగు వానలా రాలింది. నేను చెవుల్లోవి తీసి పారేసి నిలబడి చప్పట్లు కొట్టాను.

ఆఖర్న ఎక్కిన బెంగళూరు బ్యాండ్ పాటగాడు, నడుము దాకా జుట్టున్న మనిషి, తన పాట మొదలుపెట్టే ముందు సగం కన్నడం, సగం తెలుగులో, "ఆ అమ్మాయి తర్వాత పాడాలంటే నాకు భయంగా ఉంది," అన్నాడు. అందరూ మళ్లీ మావాళ్ల కోసం అరిచారు.

మేము స్టేజి వెనక్కి పోయేసరికి అమ్మాయి సీసాలో గోరువెచ్చటి నీళ్లు తాగుతోంది. గొంతు మళ్లీ సన్నగా అయిపోయింది.

"నాయనా, కోపమా? తాత మాట నీకు చెప్పకుండానే పాటలో పెట్టినా," అంది.

"కోపమెందుకు? ఆ రిగ్గు లోపలికి దిగేటప్పుడు సౌండు అచ్చం ఇట్లే ఉంటాది. నువ్వు పుట్టకముందు సంగతి. యాడ పట్టినావే నువ్వు దాన్ని?"

"నువ్వే కదా. కథ చెప్పేటప్పుడు నోటితో చేస్తావు ఆ సౌండు. దాన్నే మొదట నేర్చుకున్యా."

 మా ఆయన దాని జుట్టులో చిక్కుకున్న పత్తి నూగు ఒక్కొక్కటే ఏరి తీస్తూ నిలబడ్డాడు.

తర్వాతి ఆదివారం చర్చి దగ్గర ఒక పెద్దామె నన్ను ఆపి, దేవుని పాటలు పాడిన గొంతుతో ఇదేం పాటమ్మా అని అడిగింది. "బోర్లో నీళ్లు పడని పాట," అన్నాను. ఆమెదీ మెట్ట పొలమే. "ఏదీ, ఫోనులో ఉంటే వినిపించు," అంది. పూర్తిగా వినలేకపోయింది. కానీ అమ్మాయి తల నిమిరి పోయింది.

మా ఆయన పద్ధతి వేరు. డిపోలో టీ తాగేచోట తనే ఫోను తీసి, తనే శబ్దం పెంచి, బెంచీ మీద పెడతాడు. ఒకరోజు కొత్తగా వచ్చిన కండక్టరు విని, "ఎవరప్పా ఈ మొగోడు, రాక్షసుడు మాదిరి ఉండాడు," అన్నాడట.

"మొగోడు కాదప్పా. మా పాప," అన్నాడట ఈయన.

ఈసారి కచేరీ కడపలో పెడుతున్నారు, అన్నదమ్ముల ఊళ్లో. ఆ రోజుకు ఈయనకు కడప డ్యూటీ పడలేదు. పట్టుబట్టి ఇంకో డ్రైవరుతో మార్చుకున్నాడు. ముందురోజు ప్రాక్టీసుకు కర్నూలు వచ్చే అన్నదమ్ములతో సహా బ్యాండ్ మొత్తాన్ని తన బస్సులోనే తీసుకుపోతాడట.