సుభద్ర మేడమ్ రెండో గిన్నె

చిక్కడపల్లి మార్కెట్లో బోటీ కడిగే వాసన వస్తే అందరూ ముక్కు మూసుకుంటారు. నేను ఆగిపోతాను. నాకు పరిశోధన నేర్పిన సుభద్ర మేడమ్ ఆ వాసనలోనే గుర్తొస్తారు. కోస్తా నుంచి వచ్చిన శాకాహారుల ఇంటి మనిషి. మేక పొట్ట కోసం మటన్ కొట్టు ముందు నాతో పాటు నిలబడేవారు. "కడగకుండా ఇవ్వు బాబూ. పురుగులున్నదే కావాలి," అన్నారు మొదటిరోజు. కొట్టతను అదిరిపడ్డాడు. "జర మెల్లగ మేడమ్! గిరాకీ మొత్తం పోతది!" పోనే పోయింది.

పిల్లల కడుపులో నులిపురుగులు పాత మాత్రలకు లొంగని రోజు వస్తుందని ఆవిడ భయం. పురుగు బతకడానికి తప్పనిసరైనది, మనిషి ఒంట్లో లేనిది, అలాంటి ప్రోటీన్ ఒకటి దొరికితే దాన్నే గురిచూసి కొట్టే మందు చేయొచ్చు. నారాయణగూడ ల్యాబ్‌లో ఆ ప్రోటీనూ, దాన్ని కొట్టే మందూ దొరికాయనే అనుకున్నాం. పిల్లల పురుగులకు బదులు వాడిన మేక పురుగులు మందు వేసిన గిన్నెలో గంటలో చచ్చేవి. మందు లేని రెండో గిన్నెలో హాయిగా మెలికలు తిరిగేవి. రెండేళ్లు అదే ఫలితం. సన్మానానికి శాలువా రంగు కూడా ఎంచుకున్నాను.

ప్రాజెక్టు పొడిగింపు కోసం రిపోర్టు రాస్తూ మేడమ్ తలెత్తారు. "మందు కరిగించే ద్రావకం రెండో గిన్నెలో కూడా వేస్తున్నావు కదూ?"

వేయలేదు. రెండేళ్లూ ఉత్త ఉప్పునీళ్లే పోశాను.

మర్నాడు మందు లేకుండా ద్రావకం ఒక్కటే వేసి చూశాం. పురుగులన్నీ చచ్చాయి. మా మందు చేసిందేమీ లేదు.

"ఈ ఒక్కటి రాయకుంటె ఏమైతది మేడమ్? రాస్తే ప్రాజెక్టు బంద్ అయితది," అన్నాను.

"పిల్లల కడుపులో పురుగులు మన రిపోర్టు చదవవు బాబూ."

పొరపాటు తనదేనని రాసి సంతకం పెట్టారు. నా పేరెక్కడా లేదు. ప్రాజెక్టు ఆగిపోయింది. ఇంకో ప్రోటీన్ వెతకడానికి ఆవిడకు ల్యాబ్ మిగల్లేదు, తర్వాత ఆరోగ్యమూ మిగల్లేదు. చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు, "నేను పాడుచేసిన రెండేళ్లుంటే ఇంకోటి దొరుకుతుండె మేడమ్," అన్నాను.

"దొరికేది కాదేమో కూడా. ఓదార్పుకి ఇది చాలా?"

చాలలేదు. వారంలో పోయారు.

ఇప్పుడు అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు జీవశాస్త్రం చెబుతున్నాను. మొన్న నులిపురుగుల పాఠంలో ఒకమ్మాయి లేచింది. "పాత మందులు పనిచెయ్యకుంటె కొత్తది ఏమున్నది సార్?"

"మేం వెతికినం. దొరకలే. తప్పు నాది."

క్లాసంతా నవ్వింది. నేనేం చెప్పినా నవ్వడం వాళ్లకు అలవాటు. బోర్డు మీద రెండు గిన్నెలు గీసి, ఎక్కడ తప్పానో చెప్పడం మొదలుపెట్టాను.

"ఇది ఎగ్జామ్‌ల వస్తదా సార్?"

"రాదు."

పెన్నులన్నీ ఒకేసారి మూతపడ్డాయి. నేను గీస్తూనే ఉన్నాను.