వెన్న కరిగేదాకా

గోడెలీవ్ నడుము శుక్రవారం ఉదయం ఒకలా ఉండేది, సాయంత్రం ఇంకొకలా ఉండేది. ఉదయం సైకిలెక్కి హాలండ్ వైపు వెళ్లేటప్పుడు మనిషి ఎండుపుల్ల. సాయంత్రం మా బెల్జియం వైపు తిరిగొచ్చేటప్పుడు నిండు నెలలు. యాభై దాటిన విధవరాలు వారం వారం అలా చూలాలవుతుంటే ఊళ్లో ఒక్కరూ నోరెత్తలేదు. లంగా కింద పుట్టేది వెన్నేనని అందరికీ తెలుసు, అందరి రొట్టెల మీదికీ చేరేదీ అదే.

హాలండ్‌లో వెన్న చవక, మా వైపు ప్రియం. బెల్జియం, హాలండ్, లక్సెంబర్గ్ మూడూ ఇక ఒకే కుటుంబమని పెద్దలు ఎప్పుడో చాటించారు. ఏం కుటుంబమో ఏమో! సంతకాలయ్యాయి, విందులయ్యాయి, తీరా వెన్న దగ్గరికొచ్చేసరికి ఎవరి కుంపటి వారిదే. రైతులు అలుగుతారని దాన్ని మాత్రం గుమ్మం బయటే నిలబెట్టారు. ఆ వేరు కుంపటే గోడెలీవ్‌కి ఇంత కూడు పెట్టింది. మొగుడు సోయ్ ఇటుకబట్టీలో పనిచేసి పోయాడు. పోతూ ఆమెకి మిగిల్చింది ఒక సైకిలు, ఒక ఆడపడుచు. సైకిలు బాగానే నడిచేది.

సరిహద్దులో కస్టమ్స్ చెక్‌పోస్టు, అందులో గుస్ట్. పెళ్లి కాలేదు, మీసాలు మాత్రం ఇద్దరికి సరిపడా ఉండేవి. ఆడవాళ్ల లంగాలు వెతికే అధికారం అతనికి లేదు. అందుకని పొయ్యిని నమ్ముకున్నాడు. గోడెలీవ్ కనబడగానే లోపలికి పిలిచి, బొగ్గుల పొయ్యి పక్కన కుర్చీ వేసి, కాఫీ పోసి, రూలు ప్రకారం అడిగేవాడు.

"చెప్పుకోవలసింది ఏమైనా ఉందా?"

"ఏం లేదు దొరగారూ."

"అయితే కూర్చోండి. బయట చలిగా ఉంది."

"జూలైలో చలేమిటండీ?"

"నాకు ఎముకల్లో చలి," అంటూ ఇంకో పార బొగ్గు వేసేవాడు.

వెన్న నేలమీద పడేలోగా కాఫీ అయిపోతే ఆమె గెలిచినట్టు. చుక్క పడితే సరుకు సర్కారుకి. ఓసారి మేజోడు మీదుగా పచ్చటి ధార దిగుతుంటే గుస్ట్ వంగి చూశాడు.

"ఏం కారుతోందండీ అది?"

"చెమట. మా వంశంలో పసుపుగానే పడుతుంది."

ఊళ్లో మిగతా ఆడవాళ్లంతా అడవి దారిన పోయేవారు. అక్కడ చెక్‌పోస్టూ లేదు, పొయ్యీ లేదు. ఆడపడుచు కోలెటా ఊరుకోక అడిగేది: "వదినా, అడవిలోంచి రావచ్చుగా?"

"దోమలు."

"జనవరిలోనా?"

"నీకేం తెలుసు, ఉంటాయి," అనేది గోడెలీవ్.

ఇంతలో రేడియోలో వార్త వచ్చింది. ఇప్పుడు ఆరు దేశాలట. అందరిదీ ఒకే సంత, వెన్నకి అన్నిచోట్లా ఒకే ధర. కోలెటా సంబరం పట్టలేకపోయింది. "పీడా పోయింది వదినా, ఇక కాళ్లు చాపుకుని కూర్చో," అంది. గోడెలీవ్ బంగాళాదుంప చెక్కు తీస్తూ, తీస్తూ, చివరికి దుంపే లేకుండా చేసింది. బేరం పోయినందుకు కాదు ఆమెకి గుండె జారింది. ఇక శుక్రవారం లేదు. ఏ వంక పెట్టుకుని ఆ పొయ్యి దగ్గరికి వెళ్లడం?

అయినా వెళ్లింది. కొత్త చట్టం వచ్చాక కూడా నడుము చుట్టూ వెన్న కట్టుకుని చెక్‌పోస్టు ముందు దిగింది. గుస్ట్ ట్రంకు పెట్టె సర్దుకుంటున్నాడు.

"ఇంకా దాస్తారెందుకండీ? చేత్తో పట్టుకుపోవచ్చు కదా."

"అలవాటు."

"ఇది మూసేస్తున్నారు. నన్ను ఆంట్వెర్ప్ ఓడరేవుకి వేశారు. సోమవారం రైలు."

పొయ్యి వెలిగించలేదు. సర్కారు బొగ్గు ఆపేసింది. చెప్పుకోవలసింది ఉందా అని కూడా అడగలేదు. అంత అవమానం గోడెలీవ్‌కి పుట్టి బుద్ధెరిగాక జరగలేదు. ఇంటికొచ్చి వెన్న తీసి బల్లమీద పడేసింది.

కోలెటా వేలితో నొక్కి చూసింది. "ఇదేమిటి వదినా, ఇంత గట్టిగా ఉంది?"

"అదే నా ఖర్మ," అని గోడెలీవ్ వెళ్లి పడుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. కోలెటా తీసి చూసి లోపలికి కేకేసింది. "వదినా, ఎవరో నిండు చూలాలు వచ్చింది. మీసాలున్నాయి."

గుమ్మంలో గుస్ట్. యూనిఫాం లేదు. ఎర్రటి ఎండలో మెడదాకా బొత్తాలు పెట్టుకున్న ఓవర్‌కోటు, లోపల పెద్ద పొట్ట. పాపం, విధవరాలి ఇంటికి ఉత్త చేతులతో ఎలా రావాలో అతనికి తెలియదు. అతను చూసిన మర్యాద ఇదొక్కటే.

గోడెలీవ్ కుర్చీ లాగి పొయ్యి పక్కన వేసింది. బొగ్గు పారతో కాదు, బకెట్టుతోనే బోర్లించింది. కాఫీ పోసింది.

"చెప్పుకోవలసింది ఏమైనా ఉందా?"

"ఏం... ఏం లేదండీ."

"అయితే కూర్చోండి. బయట చలిగా ఉంది."

"జూన్ నెల వదినా," అంది కోలెటా విసురుకుంటూ.

"నువ్వు నోర్ముయ్."

గుస్ట్ కాఫీ తాగాడు. ఓడరేవు గాలి మంచిదంటారని చెప్పాడు. చెబుతుండగానే బూటు మీద ఓ చుక్క పడింది, దాని వెనకాల ఇంకోటి.

"ఏం కారుతోంది దొరగారూ?"

"చెమట."

"మీ వంశంలో కూడా పసుపేనా?" అని గోడెలీవ్ పొయ్యి తలుపు ఇంకాస్త తెరిచింది. "రేపు ఆ రైలెక్కితే మళ్లీ అడిగేవాళ్లుండరు. ఆఖరిసారి అడుగుతున్నా. చెప్పుకోవలసింది ఉందా, లేదా?"

గుస్ట్ కోటు బొత్తాం విప్పాడు. వెన్న ముద్ద దభీమని నేలమీద పడింది.

"ఉందండీ," అన్నాడు దానికేసే చూస్తూ. "అడవి దారి సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. ఈ శుక్రవారం మీరు కూడా అటు పోతారేమోనని ప్రతివారం హడలి చచ్చేవాణ్ణి."

కోలెటా అప్పుడు నోరు మూసుకుంది. అదే మొదటిసారి.

గోడెలీవ్ వంగి నేలమీది వెన్న ఎత్తి బల్లమీద పెట్టింది. "పట్టుబడ్డ సరుకు పట్టుకున్నవాళ్లదే. అంతేనా మీ రూలు?"

"అంతేనండీ."

"అయితే ఆ కోటు విప్పి మేకుకి తగిలించండి. రైలు దారిన రైలు పోతుంది."