చిన్నాయన తాళాలు తోమిన పొద్దు

మా చిన్నాయన పోయాడు. మొన్న బుధవారం ఉదయం కమలాపురం మిషను బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతుండగా మా తమ్ముడు వచ్చి గడప బయట నిలబడ్డాడు. ఊరి నుంచి ఎండలో నడిచి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"అక్కా, చిన్నాయన పోయినాడు. ఈడ్నే నిలబడ్తా, నువ్వు రా" అన్నాడు.

పిల్లల చేత ఒక ప్రార్థన చెప్పించి, బడి తలుపు వేసి, వాడి వెంట నడిచాను.

ఈ పత్రిక చదివేవారిలో ఆయనను ఎరిగినవారు కొందరే ఉంటారు. ఎప్పుడైనా ఆదివారం మా ఊరి చిన్న మిషను గుడికి వచ్చినవారు, ముందు చాప మీద కూర్చుని, తోలు వారును మణికట్టుకు చుట్టుకుని పెద్ద కంచు తాళాలు వాయించే ముసలాయనను చూసి ఉంటారు. ఆయనే. మా నాయనకు తమ్ముడు. సాధుపురుషుడని రాస్తే ఆయనే నవ్వుతాడు. నోరు చెడ్డది, చెయ్యి ఇంకా చెడ్డది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఊరి వాద్యం మా రెండిళ్ళ వంతు. నాయన డప్పు, చిన్నాయన తాళాలు. మేము మిషను గుడికి పోయేవాళ్ళమే అయినా జాతరకూ పీర్ల పండుగకూ శవానికీ మావాళ్ళే పోవాలి. పోము అంటే ఊరు బతకనివ్వదు. గుడి అయ్యగారు దీనికి బాధపడేవారు కానీ, ఊరికి ఎదురు చెప్పలేకపోయేవారు.

ఆ తాళాలు తాత కాలం నాటివి. అన్నం తినే పళ్ళెమంత ఉండేవి. పైనంతా మాడిన పెనం మాదిరి నలుపు. ఒకదానికొకటి తగిలే అంచు మాత్రం మెరిసేది. కొత్తగా చూసినవాళ్ళు ముఖం చిట్లించేవాళ్ళు. చిన్నాయన వాటిని ఎవరినీ తోమనిచ్చేవాడు కాదు. వాయించడం అయిపోగానే పొడిగుడ్డతో తుడిచేవాడు. చెమటలోని ఉప్పు కంచును తినేస్తుందని ఆయన భయం. ఎక్కడైనా పచ్చగా చిలుము పుడితే వేలికి ఆముదం చుక్క అంటించుకుని అక్కడే రుద్ది, ఆ జిడ్డు కూడా మిగలకుండా మళ్ళీ గుడ్డతో తీసేవాడు. చింతపండు, బూడిద, ఇటుకపొడి వాటి దగ్గరికి రాకూడదు. "తుడవాల. తోమకూడదు" అనేవాడు. తాళాలు నేర్చుకోవడానికి ఎవరు వచ్చినా మొదటి పాఠం అదే.

ఒక క్రిస్మసు ముందు, ఆయన భార్య, మా చిన్నమ్మ, అంట్లతో పాటు ఒక తాళాన్ని కూడా బూడిదలోకి లాగింది. ఎద్దులను తోలుకుని వస్తున్న చిన్నాయన అది చూశాడు. చేతిలోని ముల్లుకర్ర విసిరాడు. అది చిన్నమ్మ చెవి పక్కగా పోయి నీళ్ళకుండను పగలగొట్టింది.

"నీ మొగుని గొంతు కోస్తాండావు గదే!"

చిన్నమ్మ బెదరలేదు. "కోస్తే బాగుండు, వీధికి నిద్రన్నా పట్టేది. మసిమూకుడు మాదిరి ఉండాది. దీన్ని పట్టుకోని యేసయ్య ముందర కూచుంటావే, సిగ్గుల్యా?"

"యేసయ్య దీన్ని సూడడు, ఇంటాడు. నాదముండేది ఆ నలుపులోనే. అది గీకేస్తే రేకు డబ్బాకీ దీనికీ తేడా ఏముండాది?"

"అట్లయితే నీ పండ్లు గూడా తోముకోవద్దు. పాట బాగొస్తాది."

వీధి వీధంతా నవ్వింది. కాసేపటికి ఆయనా నవ్వి, తడిసిన మట్టిలోంచి కుండ పెంకులు ఏరిపెట్టాడు. ఆయన కోపం అట్లా వచ్చి అట్లా పోయేది. పోకుండా నిలిచిన కోపం ఆయనలో ఒక్కసారే చూశాను.

మా ఊళ్ళో పై ఇల్లు, కింది ఇల్లు అని రెండు పెద్ద ఇళ్ళు ఉండేవి. ఏ ఊరేగింపైనా ముందు ఎవరి గడపకు పోవాలనేదే వాళ్ళ తగువు. మొదటి జర్మనీ యుద్ధం ముగిసిన తరువాతి రోజుల్లో, ఒక జాతర మధ్యాహ్నం, ఊరేగింపు రెండిళ్ళ దారులు చీలే చోటికి వచ్చింది. ఇటు తిప్పమని వీళ్ళు, అటు తిప్పమని వాళ్ళు. వాద్యం ఎటు తిరిగితే ఊరేగింపు అటు తిరుగుతుంది. నాయన ఎటూ తిరగలేదు. నిలబడిన చోటనే నిలబడి డప్పు కొట్టాడు. అట్లా చేస్తే ఎవరికీ కోపం రాదనుకున్నాడు.

పై ఇంటి జీతగాడొకడు వెనుక నుంచి వచ్చి వేటకొడవలితో నాయన మెడ మీద వేశాడు. పక్కనే చిన్నాయన తాళాలు రెండూ పైకెత్తి ఉన్నాడు. రక్తం వాటి మీదికి చిమ్మింది. రెండో వేటుకు ఆయన తాళం అడ్డం పెట్టాడు. కొడవలి దాని మీద జారి నాయన భుజంలోకి దిగింది. ఆ తరువాత రాళ్ళు, కట్టెలు, గొడ్డళ్ళు. ఎవరు ఎవరిని కొట్టారో కొట్టినవాళ్ళకే తెలియదు.

నాయనను మంచం మీద తెచ్చారు. ముఖం నేను కడిగాను. మెడ కడగలేకపోయాను.

వాయించేవాళ్ళలో ఒక కట్టు ఉండేది. వాద్యం మీద రక్తం పడితే దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తారు. ఆ గుర్తు దాని మీద ఉన్నంత కాలం ప్రమాణం ఉన్నట్టే. గుర్తు పోతే ఎవరికీ కట్టుబాటు లేదు. అందుకే చిన్నాయన ఆ పొద్దు తాళాలను గుడ్డతో కూడా తుడవలేదు. అట్లాగే దూలానికి వేలాడదీశాడు. వీధిలోని మగవాళ్ళంతా వచ్చి చెయ్యి పెట్టారు. నరికినవాడిని నరికి, వాడి రక్తం దీని మీద చల్లిన తరువాతే కడగాలని మాట. ముందు చెయ్యి పెట్టింది చిన్నాయన. ఆయన తరువాత మా తమ్ముడు. వాడికి అప్పటికి మీసం కూడా సరిగా రాలేదు.

పోలీసులు వచ్చారు, పోయారు. జీతగాడు దొరకలేదు. అయ్యగారు మాట్లాడడానికి వస్తే చిన్నాయన గడప దాటనివ్వలేదు. "మీ ప్రార్థన మీరు చేసుకోండి అయ్యగారూ, ఈడ మా పని ఉండాది" అన్నాడు. తాళాల మీద ఈగలు ముసిరేవి. కొన్నాళ్ళకు రక్తం ఎండి పొలుసులు కట్టింది, ఈగలు కూడా పోయాయి. మా తమ్ముడు రోజూ గొడ్డలి నూరేవాడు. అన్నం దగ్గర కూడా దాన్ని తొడ కింద పెట్టుకునేవాడు. నేను ఏమన్నా వాడి చెవికి ఎక్కేది కాదు.

జీతగాడు తిరిగి వచ్చాడని, వంక అవతల జొన్న కోతలో ఉన్నాడని కబురు వచ్చింది. తమ్ముడూ, వాడి ఈడువాళ్ళు మరి ఇద్దరూ పోవడానికి సిద్ధపడ్డారు. ఆ ఉదయం వాడు తాళాల కింద నిలబడ్డాడు. వేలు ఉమ్మితో తడిపి, ఎండిన రక్తం మీద రుద్ది, దాన్ని నొసట నిలువుగా పెట్టుకున్నాడు. అది వాడి నాయన రక్తం.

చిన్నాయన సంగటి తింటున్నాడు. ముద్ద నోటి దాకా పోలేదు. వాడి ముఖం చూస్తూ ఉండిపోయాడు. వాడు తోడువాళ్ళను పిలుచుకుని రావడానికి వీధిలోకి పోయాడు. చిన్నాయన పళ్ళెం పక్కకు నెట్టి లేచాడు.

"పెద్దమ్మీ, ఇంట్లో చింతపండు ఉండాదా?" అని నన్ను అడిగాడు.

ఇచ్చాను.

తాళాలు దించుకుని వీధిలోని రాతితొట్టి దగ్గర కూర్చున్నాడు. నీళ్ళు పోసి, చింతపండూ బూడిదా ఇసకా కలిపి తోమడం మొదలుపెట్టాడు. నీళ్ళు ముందు ఎర్రగా, తరువాత నల్లగా పారాయి. జనం చేరారు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"కండ్లు ల్యావా? తోముతాండా."

"తోమకూడదని సెప్పేటోడివి నువ్వేగదా!"

"అవును. రేపు మల్ల అదే సెప్తా."

"నీ అన్న నెత్తురప్పా అది!"

"నా అన్నే. నీ అన్న గాదు గదా, నీకెందుకంత మంట?"

ఎవరో ఉమ్మారు. ఎవరో విసిరిన రాయి ఆయన వీపు మీద పడింది. లేవలేదు. మా అమ్మ ఇంట్లోంచి వచ్చి గుప్పెడు దుమ్ము ఆయన నెత్తిన పోసింది. "నా మొగుని నెత్తురు కాలవలో పోస్తాండావు, నీ చేతులు ఇరిగిపోను!" అని గుండెలు బాదుకుంది. ఆయన తల విదిలించుకుని మళ్ళీ వంగాడు.

అప్పుడు తమ్ముడు వచ్చాడు. చేతిలో గొడ్డలి ఉంది.

"లెయ్యి చిన్నాయనా."

"లెయ్యను."

"మొదాలు చెయ్యి పెట్టినోడివి నువ్వు."

"పెట్టినా. నేను పెట్టబట్టే నువ్వు పెట్టినావు. అందుకే నేనే తోమాల."

వాడు గొడ్డలి తిప్పి, వెనుక మొద్దువైపుతో ఆయన కుడిచేతి మీద కొట్టాడు. చెయ్యి తాళం మీదే ఉంది. వేళ్ళు విరిగిన చప్పుడూ కంచు మోగిన చప్పుడూ ఒకటిగా వినబడ్డాయి. చిన్నాయన అరిచిన అరుపుకు తొట్టి దగ్గరి గొడ్లు తాళ్ళు తెంపుకున్నాయి. ఆయన పక్కకు ఒరిగి, మళ్ళీ లేచి కూర్చున్నాడు. తాళాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో చింతపండు అందుకున్నాడు.

"ఇంగొక చెయ్యి ఉండాది నాకు. దాన్నీ ఇరగ్గొట్టు. ఆడిదాకా పోయేదెందుకు, ఈడ్నే నన్ను నరికి జైలుకు పో. నీకు నరకల్ల అంతేగదా? నరుకు."

వాడు మళ్ళీ గొడ్డలి ఎత్తాడు. ఈసారి పదునువైపు కిందికి ఉంది. ఎవరూ వాడి చెయ్యి పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు. ప్రార్థన మాటలుగా రాలేదు. ప్రభువా అన్న ఒక్క మాట నోట్లో నిలిచిపోయింది. చిన్నాయన పైకి చూడనే లేదు. తోముతున్నాడు. విరిగిన వేళ్ళ రక్తం తాళం మీద పడుతోంది, ఆయన దాన్నీ తోముతున్నాడు.

వాడు గొడ్డలి దించలేదు, విసిరివేయనూ లేదు. చేతుల్లోంచి అదే జారి వెనుక పడింది. వాడు తొట్టికి ఆనుకుని కూలబడ్డాడు.

చిన్నాయన నీళ్ళు పోసి కడిగి, తాళాన్ని ఎండలో పైకి పట్టాడు. అది బంగారంలా మెరిసింది. అట్లా మెరవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. "సూడండప్పా, యాడుండాది గుర్తు?" అన్నాడు. వీధిలోకెల్లా పెద్దాయన దగ్గరికి వచ్చి, వంగి, రెండు తాళాలనూ తిప్పి తిప్పి చూశాడు. "ల్యాదు" అని చెప్పి ఇంటికి పోయాడు. ఆ తరువాత ఒక్కొక్కరే పోయారు.

తమ్ముడు వంక అవతలికి పోలేదు. తోడువాళ్ళిద్దరూ గుర్తుతో మాకు పని లేదని పోయారు. ఒకడు వంకలో శవమై దొరికాడు. ఇంకొకడు జైలు నుంచి తిరిగి రాలేదు. ఆ తల్లులిద్దరినీ నేను ఎరుగుదును. వాళ్ళ పేర్లు ఈనాటికీ నా ప్రార్థనలో ఉన్నాయి.

చిన్నాయన వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. మొదటిసారి గుడిలో తాళాలు తగిలించినప్పుడు పలచని చప్పుడు వచ్చింది. తల పక్కకు వంచి విన్నాడు. "గొంతు పోయింది" అన్నాడు. చిన్నమ్మ ఊరికే ఉండక, "ఇప్పుడు బాగుండాయి, మొగం సూసుకోవచ్చు" అంది. "సూసుకునేంత మొగం యాడుండాదే నాకు" అన్నాడు ఆయన. ఊరి వాద్యానికి మాత్రం ఇక పోలేదు. రెండు పెద్ద ఇళ్ళవాళ్ళూ మనుషులను పంపి ఆయనను వేరువేరుగా కొట్టించారు. దాని గురించి, "ఈ ఒక్కదాంట్లో ఇద్దరికీ పొత్తు కుదిరిండాది" అని నవ్వాడు.

ఆ వేళ్ళకు పట్టు లేదు. అందుకని ప్రతి ఆదివారం పాటకు ముందు తమ్ముడు వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, తోలు వారు ఆయన మణికట్టుకు చుట్టి ముడి వేసేవాడు. "బిగించినావు, రగతం ఆగిపోతాది" అని ఆయన కసిరేవాడు. వాడు వదులు చేసేవాడు. ఆ పొద్దు మాట ఇద్దరూ ఏనాడూ ఎత్తలేదు. క్షమించమని వాడు అడిగినట్టు నాకు తెలియదు. క్షమించానని ఆయన చెప్పినట్టూ తెలియదు. ముడి వేయడం మాత్రం చూశాను. తమ్ముడికి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, తల నెరిసింది. అట్లా నెరవడం చూడగలిగానంటే ఎవరి వల్లనో ఆ దేవునికి రోజూ చెబుతూనే ఉన్నాను.

బేతంచెర్ల వైపు నుంచి కూడా కుర్రవాళ్ళు వచ్చి, తాళాలు తోమాలా వద్దా అని అడిగేవాళ్ళు. "తుడవాల. తోమకూడదు" అనేవాడు. కొంచెం ఆగి, "నెత్తురు పడితే మాత్రం తోమాల. ఆ పొద్దే తోమాల" అనేవాడు. ఆ రెండో మాట చెప్పేటప్పుడు ఎవరి ముఖమూ చూసేవాడు కాదు.

బుధవారం సాయంత్రం సమాధుల దొడ్డికి తీసుకుపోయాము. మా వైపు నేల జానెడు మట్టి, దాని కింద అంతా బండ. గుంత తవ్వడానికి నలుగురు మనుషులు వచ్చారు. తమ్ముడు వాళ్ళను పలుగు ముట్టుకోనివ్వలేదు.

"ఇటియ్యప్పా, వయసయిన మనిషివి, మేము తవ్వుతాం" అన్నారు.

"పోండి" అన్నాడు.

చొక్కా విప్పేసి గుంతలోకి దిగాడు. అయ్యగారు తెరిచిన పుస్తకాన్ని మూసి, నిలబడి కనిపెట్టుకుని ఉన్నారు. పొద్దు వంగింది. పలుగు తల మీదికి లేస్తోంది, రెండు చేతులతో బండ మీదికి దిగుతోంది. దిగిన ప్రతిసారీ రాతిలోంచి నిప్పు రాలుతోంది.