చీర మీద చొక్కా

మా చిన్నప్పుడు... పత్తి తీతలు, మిరప కోతలు కలిసొచ్చే రోజుల్లో అమ్మ చీకటితోనే లేచేది. వాకిట్లో కళ్లాపి చల్లి, ముగ్గేసి, తడి జుట్టుతోనే దేవుడి దగ్గర దీపం పెట్టేది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు నాకు జడలు వేసేది. ముందురోజు మిరపకాయలు కోసిన చేతులు కదా... మజ్జిగతో కడుక్కుని, కాస్త నూనె రాసుకుని, అప్పుడు నా తల ముట్టుకునేది. అయినా కళ్ళు మండేవి.

క్యారేజీలో అన్నం, గోంగూర పచ్చడి, ఒక ఉల్లిపాయ సర్దేది. అన్నీ అయ్యాక వసారాలో కొయ్యకి తగిలించిన నాన్న పాత ఫుల్ చేతుల చొక్కా తీసి, చీర మీద వేసుకునేది. కుచ్చిళ్ళు పైకి దోపి, తలకి తువ్వాలు చుట్టి, తీసిన పత్తి వేసుకోవడానికి నడుముకి ఒడి కట్టుకునేది.

ఎండిన పత్తికాయ అంచులు ముళ్ళలా ఉంటాయి. చేతులు గీరుకుపోతాయి. అందుకే ఆ చొక్కా. మా వైపు చేలోకి వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది అలాగే వెళతారు... ఈరోజుకీ.

ఒకసారి నాన్న, నా చొక్కా చింపేస్తున్నావు అని నవ్వారు. అమ్మ గుండీలు పెట్టుకుంటూనే జవాబు చెప్పింది.

"మీ ఒంటి మీద ఉన్నన్నాళ్ళూ అరుగు మీద కూర్చుంది. పనిలోకి దిగింది నా దగ్గరకొచ్చాకే."

నాన్న చొక్కాలు చిరిగిపోయాక తమ్ముడివి వేసుకుంది. చివరికి మనవడి కాలేజీ చొక్కాలు. ఎవరో ఒకరు విడిచిందే... ఆవిడ కోసమని ఒక్కటి కూడా ఎవరమూ కొనలేదు.

పోయిన నెల అమ్మ వెళ్ళిపోయింది. ముత్తయిదువగా వెళ్ళింది, అదృష్టవంతురాలు అన్నారంతా. నేనూ పెదకాకాని శివయ్యకి దండం పెట్టుకుని ఊరుకున్నాను.

పెద్దకర్మ ఇంకా రెండు రోజులుందనగా తమ్ముడు చిలకలూరిపేట నుంచి అమ్మ ఫోటోకి పటం కట్టించుకుని వచ్చాడు. అసలు ఫోటో వాడి కూతురు తన ఫోన్‌తో పోయిన వేసవిలో తీసింది. మిరప కళ్ళంలో ఎర్రటి కాయల మధ్య, గళ్ళ చొక్కా వేసుకుని కూర్చుని, ఉన్న నాలుగు పళ్ళతో నవ్వుతూ ఉంటుంది అమ్మ. అంతకంటే మంచి ఫోటో ఆవిడకి లేదు. దాన్నే పెద్దది చేయించమని చెప్పాను.

తెచ్చింది చూస్తే... ముఖం అమ్మదే, రంగు అమ్మది కాదు. తెల్లగా చేశారు. జుట్టు నల్లగా చేశారు. చొక్కా తీసేసి పట్టుచీర కట్టారు, మెడలో కాసులపేరు వేశారు. వెనక మిరపకాయలు పోయి ఏదో పూలతోట వచ్చింది. అదే బొమ్మతో రోడ్డు మలుపులో ఫ్లెక్సీ కూడా కట్టించేశాడు.

బతికుండగా ఒక పట్టుచీర కొనిపెట్టలేదు ఎవరూ. పోయాక కంప్యూటర్లో కట్టారు.

నాకు గొంతు పెంచడం అలవాటు లేదు. ఆరోజూ పెంచలేదు. చొక్కా ఏదిరా అని మాత్రం అడిగాను.

"అది కాదక్కా... పదిమందీ వచ్చేచోట ఆ చొక్కాతో పెడితే, కూలికెళ్ళిందనుకుంటారు."

"వెళ్ళింది కదరా."

తమ్ముడు తల దించుకున్నాడు. తెల్లదోమ పడి మా పత్తంతా నాశనమైన ఏడు అమ్మ పక్క చేలకి కూలికి వెళ్ళింది. వాడప్పుడు గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. వాడికి తెలియనిది కాదు. తెలిసే చెరిపించాడు... అదీ నా కోపం. పరువట. ఎండలో నల్లబడిన ఒళ్ళు పరువుతక్కువ ఎప్పటినుంచి అయింది? ఇంట్లో అందరం తిన్నది ఆ ఒళ్ళు కష్టపడితేనే కదా?

అందరూ ఇలాగే చేయిస్తున్నారు వదినా, అని మరదలు సర్దిచెప్పబోయింది. నిజమే. ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా గోడ మీద పెద్దావిడలందరికీ అదే పట్టుచీర, అదే కాసులపేరు, అదే పూలతోట. పేరు చదువుకుంటే తప్ప ఎవరు ఎవరో తెలియదు.

నాన్నకి ఎనభై దాటాయి, చూపు ఆనదు. దండ వేసేముందు ఆయన చూడాలని తమ్ముడే పటం తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాడు. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. ఎవరమ్మా ఈవిడ అని నన్నడిగారు. అమ్మే నాన్నా, అన్నాడు తమ్ముడు. ఆయన ఇంకోసారి చూసి, పటం వాడి చేతికి తిరిగి ఇచ్చేశారు.

"ఎవరో పెద్దింటావిడలా ఉంది. ఎవరిదో వాళ్ళకి ఇచ్చేసి, మీ అమ్మది తీసుకురండి."



ఆ సాయంత్రం అందరం కూర్చుని అనుకున్నాం. కళ్ళంలో తీసిన ఫోటో ఉన్నదున్నట్టే పెద్దది చేయించాలి. పెద్దకర్మలో దీపం పెట్టేది దాని ముందే, తరవాత గోడ మీద ఉండేదీ అదే. ఫ్లెక్సీ తీయడానికి మాత్రం తమ్ముడు ఒప్పుకోలేదు... బంధువులంతా చూసేశారట. సరే. రోడ్డు మలుపులో ఆ పెద్దింటావిడని ఉండనిద్దాం. ఇంట్లో మా అమ్మ ఉంటుంది.

మా చిన్నప్పుడు గోడల మీద ఫోటోలే తక్కువ. ఉన్న ఒకటీ అరా ఫోటోల్లో మనుషులు మనుషుల్లాగే ఉండేవాళ్ళు... మీ అమ్మ పనిలోకి వెళ్ళేటప్పుడు ఎలా ఉండేదో చెప్పండి. ఫోటో ఉంటే పెట్టండి. దిద్దకుండా.