యాడ తిమ్మిరి?

స్పిరిట్ వాసనకు నేనెప్పుడో అలవాటు పడిపోయాను. కానీ "తిమ్మిరెక్కిందా?" అన్న మాట చెవిన పడితే మాత్రం ఈనాటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. ఇవాళ వై.ఎన్.హొసకోటలోని నా క్లినిక్‌లో, కర్టెన్ అవతల, కొత్తగా చేరిన డాక్టరమ్మాయి ఓ ముసలాయన కాలి వేలికి కుట్లు వేయబోతూ అదే ప్రశ్న అడిగింది. "ఎక్కిందమ్మా" అన్నాడాయన. రాస్తున్న చీటీ వదిలేసి లేచాను. నన్ను అలా లేపేది రత్నమ్మ సిస్టర్.

పావగడలో నేను మొదట పనిచేసిన చిన్న ఆసుపత్రికి ఆవిడ పెద్ద నర్సు. పొట్టి మనిషి, ఎప్పుడూ కాస్త చిరాగ్గా ఉండేవారు. చిన్న కురుపు కోయాలన్నా సరే, రోగిని బరువు మిషన్ ఎక్కించందే నాకు మత్తు సూది అందించేవారు కాదు. "ఎంత బరువుకు ఎంత మందని లెక్క ఉండాది గదా మేడం, మీరు చదివిందే" అనేవారు. చదివానన్న గర్వం నాకు ఒళ్లంతా ఉండేది. వరండా నిండా జనం కాచుకుని ఉండగా ఒక్కొక్కరినీ మిషన్ ఎక్కించి దించడం వట్టి చాదస్తమనిపించేది. ఆ మాట ఆవిడ ముందే అన్నాను కూడా.

ఓ మధ్యాహ్నం బలసముద్రం నుంచి హనుమక్క అనే కూలి మనిషిని ఆటోలో తెచ్చారు. సోలార్ ప్లేట్ల కింద గడ్డి కోస్తూ జారి, ఇనుప చట్రం అంచుకు చెయ్యి చీరుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా గాయం. ఎండలో పనికి వెళ్లే ఆడవాళ్లందరిలాగే చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుంది, నడుముకు తువ్వాలు చుట్టుకుంది. చూడ్డానికి దిట్టంగానే కనిపించింది. సిస్టర్ మిషన్ వైపు చూశారు.

"అరవై కేజీలుంటుంది లెండి, రక్తం కారుతోంది" అని నేనే సూది అందుకున్నాను.

రెండు శాతం మత్తుమందు. అరవై కేజీల మనిషికి పదమూడు మిల్లీలీటర్ల దాకా ఇవ్వొచ్చని లెక్క వేశాను. పది ఇచ్చాను. మోచేతి దగ్గర ఇంకా నొప్పంటే ఆ మూడూ ఇచ్చేశాను. కాసేపాగి, తిమ్మిరెక్కిందా అని అడిగాను.

"ఎక్కిందమ్మా, బాగా ఎక్కింది" అంది హనుమక్క.

నేను కుట్ల సూది తీసుకున్నాను. రత్నమ్మ సిస్టర్ మాత్రం ఆమె మొహం మీదికి వంగారు. "యాడ తిమ్మిరి, హనుమక్కా?"

"నాలిక మీద. పెదాలు నావి కానట్టుండాయి. చెవుల్లో గుయ్యంటాంది."

మందు చేతిలో ఆగలేదు, రక్తంలో కలిసి మెదడుకు ఎక్కుతోంది. తర్వాత వచ్చేది ఫిట్స్, ఆ తర్వాత గుండె ఆగడం. నేనింకా కుట్ల సూది పట్టుకునే ఉన్నాను.

"అది పక్కన పెట్టండి మేడం. పెద్ద డాక్టర్ని పిలుచుకు రాండప్పా ఎవురైనా!" అంటూనే సిస్టర్ ఆక్సిజన్ పెట్టేశారు. నేను నరం పట్టుకుని సెలైన్ ఎక్కించాను. ఆవిడ ఫిట్స్ మందు సిరంజిలోకి తీస్తూ హనుమక్కను మాటల్లో పెట్టారు.

"గొర్రెలుండాయా నీకు? ఎన్ని?"

"పన్నెండు."

"ఒగొగటీ ఎట్లుంటాదో చెప్పు."

నల్లది, చెవి తెగింది, కుంటిది... నాలుక మందమవుతోంది. ఏడో గొర్రె దగ్గర మాట ఆగిపోయింది. పెదవి అదిరింది, తర్వాత ఒళ్లంతా. మందు ఎక్కించాం. మానిటర్ మీద గీత పరుగెడుతుంటే, అది ఆగకూడదని నేను దేవుళ్లందరికీ మొక్కాను. పెద్ద డాక్టర్ వచ్చేసరికి ఫిట్స్ తగ్గాయి. సాయంత్రానికి హనుమక్క కళ్లు తెరిచి నీళ్లడిగింది.

మరునాడు మిషన్ ఎక్కిస్తే ముప్పై ఆరు కేజీలు. అంటే ఎనిమిదికి మించి ఇవ్వకూడదు.

"చొక్కాను తూచినారు మేడం, మనిషిని కాదు" అన్నారు సిస్టర్. అంతకు మించి ఒక్క మాట తిట్టలేదు. "ఆమెకు మీరే చెప్పాల" అన్నారు. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను. హనుమక్క నన్ను చూసి, "బతికినా గదమ్మా. ఇంకొగరికి ఇట్ల చెయ్యొద్దు" అంది. మందును సెలైన్‌తో సగానికి పలచన చేసి, ప్రతి పోటుకూ సిరంజి వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకుంటూ, కొంచెం కొంచెంగా ఇచ్చి, ముందు రోజు కట్టు కట్టి ఉంచిన గాయానికి కుట్లు వేశాను. సిస్టర్ నా పక్కనే నిలబడ్డారు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఉంటే ఇవాళ ఫోన్ చేసి ఉండేదాన్ని.

కర్టెన్ తీసి అడిగాను. "యాడ తాతా తిమ్మిరి?"

ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "యాడంటే? సూది పొడిసింది కాలికి. తిమ్మిరి నెత్తికెక్కుతాదా?"

డాక్టరమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"బరువు చూశావా?" అన్నాను.