కోర్సికా కొండకు కోసపాళయంలో బ్రేకు

మధ్యధరా సముద్రంలోని కోర్సికా దీవిలో పన్నెండు రోజులు కొండలెక్కడానికి నేను వేసుకున్న ప్లాను మహా గొప్పది. మా అపార్ట్‌మెంటులో లిఫ్టు చెడితే మాత్రం, బాగయ్యేదాకా కిందే కూర్చుంటాను.

పుదుచ్చేరిలో తిరుగుతుంటే ఆ కొండల కోసం కొన్న కొత్త బూట్లకు కుట్లు ఊడాయి. కోసపాళయంలో ఓ చెప్పుల దుకాణంలో కుట్టమని ఇచ్చి, దీవి మ్యాపు పరుచుకుని కూర్చున్నాను. పక్కన తన చెప్పు కోసం కాచుకున్న పెద్దాయన తొంగి చూశాడు.

"ఏంది, యాడికి తంబీ?"

తెలుగువాడే! పాపం, ఆయనకేం తెలుస్తుందని దీవి అంటే ఏమిటో దగ్గర్నుంచి ఓపిగ్గా వివరించాను. మ్యాపు అంచున తెలుగులో రాసుకున్న నా ప్లాను చూపిస్తే, "నాకు తెలుగు చదవను రాదు తంబీ" అన్నాడు. జాలిపడ్డాను.

ఆయన మ్యాపు తన వైపు తిప్పుకుని, దారుల పేర్లన్నీ ఫ్రెంచిలో గడగడా చదివేశాడు. వయసులో ఉండగా ఫ్రెంచి పటాలంలో చేరి, మూడేళ్ళు ఆ దీవిలోనే ఉన్నాడట. చదువుతూ చదువుతూ నేను ఎర్ర సిరాతో చుట్టిన శిఖరం దగ్గర వేలు ఆపాడు.

"పొద్దన్నే లేటుగా లేస్తే మా ఆఫీసరు ఈ కొండే ఎక్కిస్తా ఉండె. నువ్వేం తప్పు చేసినావు తంబీ?"