నడిమి స్తంభానికి కొత్త పాదం

2022 అక్టోబరు నెలాఖరు. పోర్ట్ బ్లెయిర్‌లో వానలు వెళ్ళిపోతున్నట్టే కనిపించి మళ్ళీ వెనక్కి తిరిగి వస్తున్న రోజులు. డెలానీపూర్‌లో ఒక పాత చెక్క ఇంటి పని ఒప్పుకున్నాను. మేడ మీది రెండు గదులకు రంగులు మార్చాలి. తలుపులు, కిటికీలు, మెట్ల కమ్మీల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న పెయింట్ వదిలించి పాలిష్ పెట్టాలి. పాత చెక్కను బాగుచేయడం మా నాన్న దగ్గర నేర్చుకున్న పని. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన వడ్రంగి. నేను ఇక్కడే పుట్టాను, గరాచర్మలో నాకొక షెడ్డు ఉంది. ఆడమనిషికి ఉలి ఎందుకని అడిగినవాళ్ళే తర్వాత తమ తలుపులు మోసుకుని నా షెడ్డుకు వచ్చారు కాబట్టి ఆ సంగతి ఇక్కడ పొడిగించను.

ఇంటి యజమాని గోవిందరావు నలభై దాటిన మనిషి, హార్బర్ వైపు ఆఫీసులో ఉద్యోగం. పై గదులు టూరిస్టులకు హోమ్‌స్టేగా ఇవ్వాలని ఆయన ఆశ. సీజన్ మొదలవబోతోంది, మొదటి అతిథులు అప్పటికే బుక్ చేసుకున్నారు. అందుకని ఆఫీసుకు వెళ్తూ ఒకసారి, తిరిగొచ్చి ఒకసారి "దీదీ, అయిపోతుందా?" అని అడిగేవాడు. "చెక్క ఒప్పుకుంటే అయిపోతుంది" అనేదాన్ని. ఆ జవాబు ఆయనకు నచ్చేది కాదు.

ఆ ఇంటి హాలు నడిమధ్యలో ఒక పడౌక్ స్తంభం ఉంది. పడౌక్ మా దీవుల్లో పెరిగే ఎర్రటి కలప, మహా గట్టిది, చెదపురుగు అంత తేలిగ్గా ముట్టదు. మేడ బరువు మోసే పెద్ద దూలం ఆ స్తంభం మీదే ఆని ఉంది. ఇంట్లోవాళ్ళు దాన్ని హిందీలో ఖంబా అనేవారు. వాళ్ళు ఖంబా అన్నప్పుడు ఇంటి పెద్దమనిషి గురించి మాట్లాడుతున్నట్టే వినిపించేది.

అలా ఎందుకంటారో గోవిందరావు గారి తల్లి పైడమ్మ గారు మొదటి రోజే చెప్పింది. నేను ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేదాన్ని.

"సునామీ వొచ్చిన రోజు పొద్దున్నే, పిల్లా, భూమి ఉయ్యాల్లాగ ఊగిపోనాది. అందరం వాకిట్లోకి పరిగెట్టినాం. మా కళ్ళముందే కంపౌండు గోడ కూలిపోనాది. మా ఆయన లోపల్నించి కేకేసినాడు, 'ఖంబా పట్టుకోండర్రా' అని. మళ్ళీ లోపలికెళ్ళి అందరం దాన్ని వాటేసుకున్నాం. పక్కన సిమెంటిల్లు బీటలిచ్చీసింది గానీ మా ఖంబా కదల్నేదు."

ఆ తర్వాత నెలల తరబడి చిన్నాపెద్దా కంపాలు వస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతిసారీ ఆ కుటుంబం ఎక్కడున్నా సరే పరిగెత్తి వచ్చి స్తంభాన్ని పట్టుకునేది. పెద్దాయన ఆ స్తంభానికి కృతజ్ఞత చూపించాలనుకున్నాడు. ఇంకా బలంగా ఉండాలని దాని పాదం చుట్టూ మోకాలెత్తు సిమెంటు దిమ్మ కట్టించాడు. పైడమ్మ గారు ప్రతి శుక్రవారం దాన్ని చెంబు నీళ్ళతో కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టేది. పెద్దాయన పోయిన తర్వాత కూడా ఆవిడ ఒక్క శుక్రవారం మానలేదు. వింటూ ఉంటే నాకు ముచ్చటేసింది, ఆ కుటుంబం మీద ఇష్టం కలిగింది.

హాల్లో పెయింట్ తీయడం మొదలుపెట్టిన రోజు ఆ ముచ్చట కాస్తా దిగిపోయింది. సిమెంటు దిమ్మకు కొంచెం పైన స్తంభం మీద పెయింట్ బొబ్బలెక్కి ఉంది. నాతో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న బిమల్‌దా, బెంగాలీ వడ్రంగి, సుత్తితో పై నుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు. పైన ఖంగున మోగింది. కిందికి వచ్చేసరికి తడిసిన అట్టపెట్టె మీద కొట్టిన చప్పుడు.

"దీదీ, యే తో ఖాలీ హై," అన్నాడు. లోపల ఏమీ లేదని.

స్క్రూడ్రైవర్ తీసుకుని దిమ్మ అంచున తోశాను. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే దానితో పాటు తడి పొట్టు, నల్లగా, కుళ్ళిన వాసనతో. అదే సమయానికి మేడ మీద గోవిందరావు గారి పిల్లలిద్దరూ తరుముకుంటూ పరిగెడుతున్నారు. దూలం మీంచి సన్నటి దుమ్ము నా తల మీద రాలింది. బిమల్‌దా సుత్తి కింద పెట్టి పైకి చూశాడు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. చెక్కకు తడి తగలడం వల్ల పెద్ద నష్టం లేదు, ఆరడానికి గాలి ఉంటే చాలు. రాతి మీద ఊరికే నిలబెట్టిన స్తంభం తడిసి, ఆరి, వందేళ్ళు ఉంటుంది. సిమెంటు దిమ్మ మాత్రం గిన్నెలా నీళ్ళు పట్టి ఉంచుతుంది. పడౌక్ లాంటి కలప కూడా అలా ఏళ్ళకేళ్ళు నానితే కుళ్ళక తప్పదు. ఆ ఇంట్లో సిమెంటు కట్టిందీ ప్రేమతోనే, నీళ్ళు పోసిందీ ప్రేమతోనే.

సాయంత్రం గోవిందరావు గారికి చూపించాను. ఆయన ఆ కన్నం వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "దీదీ, చుట్టూ ప్లైవుడ్ డబ్బా కట్టి రంగు వేసేయండి. సీజన్ నికల్ జానే దో, అది గడిచాక చూసుకుందాం. అమ్మకి మాత్రం చెప్పొద్దు. ఆవిడ తట్టుకోలేదు."

నాకు కోపం ఆగలేదు. "మీ పిల్లలు పైన గెంతుతుంటే కింద నేను డబ్బా కట్టాలా? రేపు భూమి కదిలితే ఈ ఇంట్లో అందరూ ఎక్కడికి పరిగెడతారు? దీని దగ్గరికే కదా! డబ్బా కట్టేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళని పిలుచుకోండి. నేను సామాను సర్దుకుంటాను."

ఆయన ముఖం పాలిపోయింది. అంతసేపూ మేడ బరువు గురించి ఆలోచించాడు గానీ, ఆ పరుగు సంగతి ఆయనకు తట్టలేదు. ఆ సాయంత్రమే మేడ ఖాళీ చేయించి, దూలం కింద రెండు వైపులా ప్రాప్‌లు పెట్టాం. ప్రాప్ అంటే తాత్కాలికంగా బరువు మోసే ఆసరా గుంజ. మర్నాడు ఆయన భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది.

పైడమ్మ గారికి చెప్పే పని నా మీదే పడింది. వంటింటి గడప మీద ఆవిడ పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను.

"అయితే నానేనా దాన్ని సంపేసినాను?"

"సిమెంటు లేకపోతే నీ నీళ్ళు దాన్నేమీ చేసేవి కావు పిన్నీ."

"నీల్లు పోసింది నానే కదా."

ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పాను: పై భాగం ఇంకా ఉక్కులా ఉంది. కుళ్ళిన పాదం కోసేసి, మంచి పడౌక్ ముక్క అతికిస్తాం. రెండు ముక్కల్నీ ఏటవాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి ఆనించి బోల్టులు బిగిస్తే దాన్ని స్కార్ఫ్ జాయింట్ అంటారు. పాత ఓడలు కూడా అలాగే బాగుచేసేవారు. పాదం కోసినప్పటి నుంచి కొత్తది అతికేదాకా మాత్రం స్తంభం గాల్లో వేలాడుతూ ఉంటుంది. ఆ పూటకు ఆవిడ ఇంట్లో ఉండకూడదు.

"బాంబూఫ్లాట్‌లో మీ అమ్మాయి దగ్గరికి ఫెర్రీలో వెళ్ళి ఉండు."

"నా ఖంబాని కోస్తుంటే నాను అవతల ఒడ్డున కూకుంటానా? ఎల్లను."

ఎంత చెప్పినా వినలేదు. చివరికి వాకిట్లో గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడానికి ఒప్పుకుంది. నా భయమంతా ఆవిడ గురించే. చిన్న కంపం వచ్చినా ఈ ముసలమ్మ లోపలికి ఉరుకుతుందని నాకు గట్టి నమ్మకం. అందుకే గోవిందరావు గారి చేత సెలవు పెట్టించి ఆయన్ని ఆవిడ పక్కన కాపలా కూర్చోబెట్టాను. గుమ్మానికి అడ్డంగా బల్ల కూడా పెట్టించాను. ఆ బల్ల ఆయనే తన చేత్తో పెట్టాడు. "ఏమైనా సరే అమ్మని లోపలికి రానివ్వకండి" అంటే, "ఆప్ బేఫికర్ రహియే దీదీ" అని నాకే ధైర్యం చెప్పాడు.

ఆ రోజు పొద్దున్నే సిమెంటు పగలగొట్టాం. ప్రాప్‌ల కింద స్క్రూ జాక్‌లు పెట్టాం. మరను తిప్పుతూ బరువును వెంట్రుకవాసి చొప్పున పైకి లేపే పరికరం అది. దూలం కిర్రుమంది, బరువు ప్రాప్‌ల మీదికి మారింది. రంపం పెట్టి పాదం కోసేశాం. అది ముద్దముద్దగా ఊడి వచ్చింది. మిగిలిన స్తంభం దూలం నుంచి వేలాడుతూ నిలిచింది. అంత పెద్ద స్తంభం కింద చెయ్యి పెడితే ఆ చివర నుంచి ఈ చివరకు అడ్డం లేకుండా పోతోంది. బిమల్‌దా ఏటవాలు గీత గీసి ఉలి ఆనించాడు.

అప్పుడే రేకుల కప్పు గలగలమంది. ఆ చప్పుడు మా దీవుల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వేలాడుతున్న ఫ్యాను పక్కకు ఊగింది.

"బాహర్! బయటికి!" అని అరిచి గుమ్మం వైపు తిరిగాను. ముసలమ్మ వస్తుందని రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాను.

వచ్చింది గోవిందరావు. బల్లను కాలితో తన్నేసి, నన్ను పక్కకు నెట్టేసి, కళ్ళు మూసుకుని నేరుగా వెళ్ళి, వేలాడుతున్న స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. ఆయన బరువుకు స్తంభం పక్కకు ఊగింది. దానితో పాటు దూలం. ఎడమవైపు ప్రాప్ తల జారడం మొదలైంది. బయటికి పోవాల్సిన బిమల్‌దా పోకుండా దానికి భుజం ఆనించాడు. ఆయన మెడ నరాలు ఉబ్బిపోయాయి.

"వదలండి! కింద కోసేసి ఉంది, వదలండి!" గోవిందరావు చొక్కా పట్టి లాగాను, చేతులు గుంజాను. ఆయన వేళ్ళు బిగుసుకుపోయాయి. నా మాట ఆయన చెవిలో పడుతున్నట్టే లేదు. మేమంతా ఇక్కడే పోతామని ఆ క్షణాన నిజంగా అనుకున్నాను.

వాకిట్లోంచి పైడమ్మ గారి కేక వినిపించింది.

"ఒరే గోయిందా! అది ఒగ్గీ! నా కాడికి రా!"

మళ్ళీ అదే కేక, ఇంకా గట్టిగా. ఆయన కళ్ళు తెరిచాడు. చేతులు విడిపోయాయి. నేను ఆయన్ని ముందుకు తోస్తూ, బిమల్‌దాని పిలుస్తూ గుమ్మం దాటించాను. మేం ముగ్గురం మెట్లు దిగుతుండగానే ఆ ప్రాప్ పడిన చప్పుడైంది. మేడ ఒక పెద్ద మూలుగు మూలిగి, రెండో ప్రాప్ మీద ఒరిగి, ఆగింది. నిజానికి ఆ కంపం చాలా చిన్నది. ఊళ్ళో చాలామంది టీ గ్లాసు కింద పెట్టి, మళ్ళీ తీసుకుని తాగేసి ఉంటారు.

గోవిందరావు గేటు దగ్గర మట్టిలో కూలబడిపోయాడు. పెద్ద మగవాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే నేను ఎటు చూడాలో తెలియక బిమల్‌దా భుజం చూస్తూ నిలబడ్డాను. "కోసేశారని నాకు తెలుసు దీదీ. బల్ల నేనే పెట్టాను. మరి ఎందుకెళ్ళాను? ఎందుకు?" అని అదే మాట పదే పదే అంటున్నాడు.

పైడమ్మ గారు కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ రెండు చేతులూ కుర్చీ చేతుల్ని పట్టుకునే ఉన్నాయి, వేళ్ళు తెల్లబడిపోయి.

"మీ నాయిన కేకేసినట్టు ఇనిపించింది కదరా?" అంది. "నాకూ ఇనిపించింది."

ఆయన ఏడుపు ఆగిపోయింది. తల్లి మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. ఆవిడ అప్పుడు గానీ కుర్చీ వదల్లేదు. నేను మొండిదనుకున్న మనిషి అంతసేపూ ఆ కుర్చీలో ఏం చేస్తూ కూర్చుందో అప్పటికి నాకు అర్థమైంది.

మధ్యాహ్నానికి దూలం మళ్ళీ పైకెత్తి, ప్రాప్‌లకు అడ్డకర్రలు కొట్టి, పని కొనసాగించాం. కొత్త పాదాన్ని రాతి పలక మీద నిలబెట్టాం, చుట్టూ గాలి ఆడేలా ఖాళీ వదిలాం. పాలిష్ పడ్డాక స్తంభం ఎర్రగా మెరిసింది. అతుకు మాత్రం కనిపిస్తుంది, దాన్ని దాచాలని నాకనిపించలేదు. హోమ్‌స్టే ఆలస్యమైంది, మొదటి అతిథులు వేరే చోట దిగారు. గోవిందరావు గారు మళ్ళీ ఎప్పుడూ "అయిపోతుందా" అని అడగలేదు. పైడమ్మ గారు మాత్రం పసుపు రాసుకోవచ్చా అని అడిగింది. పొడిగా రాసుకో పిన్నీ, నీళ్ళు మాత్రం వద్దన్నాను.

ఈ పనిలో ఇంతకాలం నేను ఇంటిని చదవడం నేర్చుకున్నాను. ఎక్కడ తట్టాలో, ఎక్కడ గుచ్చి చూడాలో నాకు తెలుసు. ఎవరు మాట వింటారో, ఎవరు వినరో కూడా తెలుసనుకునేదాన్ని. ఆ రోజు నాకు ధైర్యం చెప్పిన మనిషి లోపలికి పరిగెత్తాడు, ఎంత చెప్పినా వినదనుకున్న మనిషి బయట కూర్చుని మమ్మల్ని బతికించింది. భయం వేసినప్పుడు మనిషి తనకు తెలిసిన విషయం వైపు వెళ్ళడని, అలవాటైన చోటికి వెళ్తాడని నాకు ఆ ఇల్లు నేర్పింది.

ఇప్పుడు ఏ పాత ఇంటి పని ఒప్పుకున్నా, సుత్తి బయటికి తీయకముందే ఇంట్లో అందర్నీ, పిల్లల్ని కూడా, కూర్చోబెట్టి ఒకటే అడుగుతాను: భూమి కదిలితే మీరు ఎక్కడికి పరిగెడతారు? కొందరు నవ్వుతారు. కొందరు దేవుడి గది అంటారు, కొందరు మెట్ల కింద అంటారు. ఒక ఇంట్లో ఒక చిన్నపిల్ల వాళ్ళ తాత మంచం వైపు చూపించింది. వాళ్ళు ఏ చోటు చూపిస్తే ముందు ఆ చోటే తట్టి చూస్తాను.